ఈ ఒక్క పంటకే

శరణమ్మ కుడిచేతి బొటనవేలి గోరంటే ఊళ్ళో రైతులందరికీ గౌరవం. మనిషికి ఇవ్వరు గాని గోరుకు ఇస్తారు. దాన్ని ఆమె ఎన్నడూ కత్తిరించదు. పొద్దున స్నానం కాగానే గడప పక్కనున్న నున్నటి రాయి మీద అటూ ఇటూ రాసి, అంచు పదును చేసి, ఆముదం పట్టిస్తుంది. అంట్లు తోమేటప్పుడు ఆ ఒక్క వేలిని పైకెత్తి పట్టుకుంటుంది. పిండి పిసికేటప్పుడూ అంతే. "ఆ వేలుకు పెండ్లి జేయరాదూ!" అని మొగుడు బతికున్న రోజుల్లో ఎగతాళి చేసేవాడు. "నేనే రోజూ చేస్తున్న గదా పెండ్లిళ్ళు" అనేది శరణమ్మ.

ఆ మాట నిజమే. సీడు పత్తి చేనులో చేసేది పెండ్లిళ్ళ పనే. పొద్దు వాలేటప్పుడు, మర్నాడు విచ్చబోయే మొగ్గను పట్టుకొని, చుట్టూ గోటితో గాటుపెట్టి, రేకుల్నీ పుప్పొడినీ ఒక్క తిప్పుతో ఒలిచేయాలి. నడిమి సూది మాత్రమే మిగలాలి. దానికి గోరు తగిలిందా, మొగ్గ చచ్చిందే. పుప్పొడి కాస్త మిగిలిందా, విత్తనం చెడిందే. మర్నాడు పొద్దున మగసాళ్ళ పువ్వులు కోసుకొచ్చి, ఆ సూదికి మెల్లగా తాకించి, కాడకు ఎర్రదారం కట్టాలి. దారం కట్టారంటే ఆ పువ్వు పని అయిపోయినట్టు. దాన్నింక ఎవరూ ముట్టరు. పంట చివర్న దారంలేని కాయలన్నిటినీ గిల్లి పారేస్తారు.

ఈ పనికి ఆడపిల్లల వేళ్ళే కావాలంటారు రైతులు. పెద్దవాళ్ళ వేళ్ళు మొద్దంట. అందులో నిజమెంతో, పెద్దవాళ్ళయితే ఎదురు మాట్లాడతారన్న భయమెంతో వాళ్ళకే తెలియాలి. ఏమైతేనేం, ఆ పిల్లల్ని ఇంటింటికీ తిరిగి పోగుచేసే మేస్త్రి శరణమ్మ. కొత్తగా పనికొచ్చే పిల్ల బొటనవేలికి పసుపూ ఆముదమూ రాసి, మొదటి పువ్వు చేతికిచ్చేదీ ఆమే. ఆ రోజునుంచి ఆ వేలు శరణమ్మదే అన్నట్టు లెక్క.

శుక్రవారం పొద్దున నాగరాజ్ ట్రాక్టరు ఊరి నడుమ ఆగింది. చేను అతనిది. కృష్ణ మీదినుంచి వచ్చిన మంచు ఇంకా వీధుల్లోనే తిరుగుతోంది. అవతలి గట్టు తెలంగాణ, ఇవతలి గట్టు కన్నడసీమలోని మన రాయచూరు. ఆ పొద్దుటి పూట రెండూ కనపడవు. శక్తినగరం కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు మాత్రం మబ్బుల్లోంచి వేలాడుతున్నట్టు ఉంటాయి. శరణమ్మ ఒక్కొక్క గడప ముందూ నిలబడి పేరుపెట్టి పిలుస్తోంది. నాన్నల చొక్కాలూ అన్నల చొక్కాలూ తొడుక్కుని, తలకు తువ్వాళ్ళు చుట్టుకుని, సగం నిద్రలోనే పిల్లలు ట్రాలీ ఎక్కుతున్నారు. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు.

శరణమ్మ పక్కన కూచున్నది చైత్ర. మారెవ్వ కూతురు. బళ్ళో తొమ్మిదో తరగతి, చేనులో అందరికన్న ముందుండే మొదటి చెయ్యి. ట్రాక్టరు గుంతలో పడి లేచినప్పుడు ఆ పిల్ల చొక్కా కాలరు పక్కకు జరిగింది. లోపల నీలిగళ్ళ కాలరు ఇంకొకటి కనపడింది.

"ఇదేందే లోపల?"

"ఏంలేదవ్వా. సలిబెడ్తుందని."

"సలికి బడి డ్రెస్సు ఏసుకుంటరా?"

నిద్రపోతున్నారనుకున్న పిల్లలంతా కిసకిస నవ్వారు. చైత్ర కాలరును లోపలికి తోసుకొని, మోకాళ్ళ మధ్య మొహం దాచుకుంది. శరణమ్మకు నవ్వు రాలేదు. రెండు చొక్కాలు తొడుక్కొని పనికొచ్చిన పిల్లను ఆమె ఇంతవరకూ చూడలేదు.

చేనులో పని మొదలైతే మాటలు తక్కువ. ముందురోజు ఒలిచిన మొగ్గలు ఆకుల మధ్య లేతపచ్చగా, సూదులు ఎత్తుకుని నిలబడి ఉంటాయి. పిల్లలు మగపువ్వు పట్టుకొని ఒక్కొక్క సూదినీ తాకుతూ, నడుముకు కట్టుకున్న కట్టలోంచి ఎర్రదారం లాగి కడుతూ, సాలు వెంట కదులుతారు. మంచులో వాళ్ళ తలగుడ్డలు మాత్రమే పైకి తేలుతూ కనపడతాయి. శరణమ్మకు ఆ వేళంటే ప్రాణం. ఎవరో కలగంటూ ఉంటే ఆ కలలోకి తాను పనికొచ్చినట్టు ఉంటుంది.

చైత్ర సాలులో చెయ్యి ఆగింది. శరణమ్మ వెళ్ళి చూసింది. ఆ పిల్ల బొటనవేలి గోటి మీద పుప్పొడి పెట్టుకొని, కంటికి దగ్గరగా పట్టుకుని చూస్తోంది.

"ఏం జూస్తున్నవ్, తేలు కుట్టిందా?"

"లేదవ్వా. ఈ పొడి లోపల ఏముంటది?"

"ఏముంటది! పసుపుంటది."

"పసుపులకెళ్ళి చెట్టెట్ల వస్తది?"

"మీ అమ్మ కడుపులకెళ్ళి నువ్వెట్ల వస్తివో గట్లనే. చెయ్యి ఆడియ్యి, పొద్దెక్కుతుంది."

చైత్ర చెయ్యి ఆడించింది గాని కళ్ళు ఇంకా ఆ పొడి దగ్గరే ఉన్నాయి. "సుప్రీత టీచరు చెప్పింది. పెద్ద బడిల ఒక అద్దం మిషనుంటదంట. దాంట్ల కన్నుపెడితే ఈ పొడి జొన్నగింజంత కనబడ్తదంట" అంది. శరణమ్మ "ఊఁ" అని ముందుకు కదిలింది. కొంచెం దూరం పోయాక తన గోటి మీదా అంటుకున్న పొడిని ఒకసారి చూసుకుంది. ఇన్నేళ్ళుగా రోజూ అంటుకుంటున్నదే. లోపల ఏముందో అడగాలని ఎన్నడూ తోచలేదు.

ఎండ ముదిరితే పువ్వు తాకించే పని ఆగిపోతుంది. మళ్ళీ మొగ్గ ఒలిచే వేళ దాకా వేపచెట్టు కింద తిండీ నిద్రా. అందరూ సద్దిమూటలు విప్పుతుంటే, చైత్ర పైచొక్కా విప్పి కొమ్మకు తగిలించి, నీలిగళ్ళ డ్రెస్సులో గట్టు వెంట పరుగెత్తింది. ఆ పరుగు చూసి పిల్లలు మళ్ళీ నవ్వారు.

మొగ్గ ఒలిచే వేళకు తిరిగొచ్చింది. పిడికిలి బిగించుకుని, బొటనవేలు లోపల దాచుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమైందే అంటే చెప్పదు. చెప్పాల్సిన పని లేకుండానే వెనకే స్కూటీ వచ్చి గట్టు దగ్గర ఆగింది. సుప్రీత టీచరు దిగింది. కన్నడ ఆమె ఇంటి భాష. తెలుగు ఈ ఊరు వచ్చాక నేర్చుకుంది.

"గోళ్ళు చూస్తుంటే ఈ పిల్ల చెయ్యి దాచింది. కత్తిరించమంటే ఏడ్చి పారిపోయింది" అంది టీచరు. తర్వాత చీర కొంగుతో చెమట తుడుచుకుని, శరణమ్మ పక్కనే మట్టిలో కూచుంది. "నోడమ్మా, అది పోనీ. లింగసుగూరు హాస్టలు బడిల ఒక్క సీటు మిగిలింది. ఎవరో చేరలేదు. చైత్ర పేరు నేను హేళిద్దీని, చెప్పినా. సోమవారం లోపల చేరాలి. లేకపోతే బేరే పిల్లకు పోతుంది."

"నాకెందుకు చెప్తున్నవ్ టీచరమ్మా? తల్లిని అడుగు."

"అడిగినా. తల్లి 'శరణక్క ఏమంటే అదే' అంటుంది."

శరణమ్మకు చిరాకేసింది. చెయ్యి మొగ్గ ఒలుస్తూనే ఉంది. నోట్లోంచి అలవాటైన మాట అదంతట అదే వచ్చేసింది. "ఈ ఒక్క పంటకే టీచరమ్మా. దసరా దాటినంక పంపిస్తం."

"దసరా దాకా సీటు ఆగదు." టీచరు లేచింది. "కంప్లెయింటు ఇస్తే రేపు ఆఫీసర్ల జీపు వస్తుంది. ఎల్లుండి మళ్ళీ ఇదే ట్రాక్టరు వస్తుంది. నాకు గొత్తు, తెలుసు. అందుకే నీ దగ్గరికి వచ్చినా."

స్కూటీ వెళ్ళిపోయాక చాలాసేపు ఆ దుమ్ము ఎండలో బంగారు పొడిలా నిలిచింది. చైత్ర తలెత్తకుండా మొగ్గలు ఒలుస్తోంది. ఒక్క సూదికీ గోరు తగలలేదు.

సాయంత్రం కొళాయి దగ్గర మారెవ్వ కలిసింది. బిందె కింద పెట్టి, శరణమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, పిల్ల నాయినకు ఫోను జేసిన. బెంగుళూరుల బిల్డింగు మీద ఉన్నడు. 'శరణక్కను అడుగు' అని పెట్టేసిండు. నువ్వు పసుపు పెట్టిన వేలు. నువ్వు ఊఁ అంటే పంపుత, వద్దంటే ఉంచుత."

"నీ బిడ్డ, నీ మొగుడు, మీ ఇల్లు. నా నెత్తిన ఎందుకేస్తరే?"

"మరి ఎవరి నెత్తినేయాలె? పంపితే ఆడ ఎట్లుంటదో నాకేం తెల్సు. ఉంచితే ఈడ ఎట్లుంటదో తెల్సు. నీకు రెండూ తెల్వొచ్చు."

ఏం తెలుసో శరణమ్మకే తెలియదు. "చూద్దం తియ్" అని బిందె ఎత్తుకుంది. ఇంటికొచ్చి గోటికి ఆముదం రాసుకుంటుంటే చెయ్యి ఎందుకో బరువనిపించింది.

శనివారం నాగరాజ్ చేనుకొచ్చాడు. ఎక్కడినుంచి విన్నాడో, అన్నీ విన్నాడు. కోపం చూపించే మనిషి కాదు. పాన్ నములుతూ నవ్వుతూ మాట్లాడతాడు. ఆ నవ్వుకే పిల్లలు భయపడతారు.

"శరణమ్మా, టీచరు వచ్చిందంట గదా. రానీ, పాపం వాళ్ళ డ్యూటీ. నువ్వు పరేశాన్ గాకు. నేనొకటి అనుకుంటున్న. వచ్చే ఏడు కాలువ దిక్కు చేను గూడ సీడుకే పెడ్తున్న. ఆడికి చైత్రను మేస్త్రిని చేద్దం. నీకు నడుము వంగుతలేదు. నీ చేతికింద తయారైన పిల్ల, నీ పేరు నిలబెడ్తది. ఏమంటవ్?"

శరణమ్మ ఏమంటుంది! మనసు పొంగింది. అబద్ధమెందుకు, నిజంగానే పొంగింది. తలకు గళ్ళ తువ్వాలు చుట్టుకుని, పొద్దున్నే మంచులో గడపగడపకూ తిరుగుతూ పిల్లల్ని పిలుస్తున్న చైత్ర కళ్ళకు కట్టింది. తన గొంతే ఆ పిల్లకు వచ్చినట్టు, తన గోరే ఆ వేలికి మొలిచినట్టు అనిపించింది. మనిషి పోయినా చెయ్యి పోదు, అంతకన్న ఏం కావాలి? ఆ పూటంతా ఆమె తేలికగా నడిచింది.

ఎండవేళ వేపచెట్టు కింద ఆ ముచ్చట ఉలిగెమ్మతో చెప్పింది. గుంపులో శరణమ్మ కాక పెళ్ళయిన మనిషి ఉలిగెమ్మ ఒక్కతే. చిన్నప్పుడు ఆమెదే మొదటి చెయ్యి. ఇప్పుడు వేళ్ళ సందుల్లో పురుగుమందులకు చర్మం పగిలి, బొటనవేలి గోరు పసుప్పచ్చగా దళసరిగా మారింది. ఎప్పుడూ ఏదో ఒకటి కూనిరాగం తీస్తుంది. మాట కంటే ముందు నవ్వు వస్తుంది.

"మంచిదే గదా చిన్నమ్మా" అంది ఉలిగెమ్మ, రొట్టె మీద పుండిగోంగూర పచ్చడి పూసుకుంటూ. "నాకు గూడ గిట్లనే ఒక సారు వచ్చిండె. దేవదుర్గం హాస్టలుకు పంపుతమని. యాదికుందా?"

"నీకా? ఎప్పుడు?"

"అప్పుడే. పసుపు పెట్టిన ఏడాది. మా నాయిన పంపుతనన్నడు. నువ్వే అంటివి గదా, 'ఈ ఒక్క పంటకే' అని." ఉలిగెమ్మ రొట్టె కొరికి నవ్వింది. "ఎంత పెద్ద పంట చిన్నమ్మా! ఇంక కోత అయితలేదు."

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆమెకు నవ్వొచ్చింది. శరణమ్మ మాత్రం చేతిలోని ముద్దను మళ్ళీ సద్దిమూటలోనే పెట్టేసింది. ఆ సారు ఎవరో, ఆ మాట ఎప్పుడన్నదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అది అన్నిటికన్న బాధనిపించింది. ఒక పిల్ల బతుకంతా మోసుకు తిరుగుతున్న మాట, అన్నదానికే గుర్తులేదు!

చెట్టుకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. నిద్రో మెలకువో తెలియని ఆ ఎండమగతలో చేను కనపడింది. ఒక్క మొగ్గనూ ఎవరూ ఒలవలేదు. కనుచూపు మేర పూలు విచ్చుకుని ఉన్నాయి. తేనెటీగల రొద. ఆమె సాళ్ళ మధ్య నడుస్తూ ప్రతి కాడకూ దారం వెతుకుతోంది. దేనికీ లేదు. సాలు చివర్న మనిషి ఎత్తు చెట్టు వెనక చిన్న పిల్ల నిలబడి ఉంది. బొటనవేలికి పచ్చటి పసుపు. "అయిపాయెనా చిన్నమ్మా? నేను పోనా?" అంటోంది. అది ఉలిగెమ్మ గొంతు.

ఉలిక్కిపడి లేచేసరికి పిల్లలు అప్పుడే సాళ్ళలోకి దిగుతున్నారు. ఉలిగెమ్మ కూనిరాగం తీస్తూ అందరికన్న ముందు నడుస్తోంది. ఆ సాయంత్రం శరణమ్మ గోరు రెండు మొగ్గల సూదులు తుంచేసింది. అట్లా జరగడం ఆ పిల్లలెవరూ అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూసినవాళ్ళు చూడనట్టే ఉన్నారు.

ఆదివారం కూడా పనే. పువ్వుకు సెలవుండదు. పొద్దుటి పని ముగిశాక, పిల్లలంతా వేపచెట్టు కింద ఉన్నప్పుడే, శరణమ్మ దారాలు కోసే సగం బ్లేడు చీర చెంగులోంచి తీసింది.

"చైత్రా, ఇటు రా. కుడిచెయ్యి ఇయ్యి."

"ఎందుకవ్వా?"

"ఇయ్యమంటే ఇయ్యి."

బ్లేడు చూడగానే ఆ పిల్లకు అర్థమైపోయింది. చెయ్యి వెనక్కు లాక్కుని, పిడికిలి చంకలో దాచుకుంది. "వద్దవ్వా! నీ కాల్మొక్త. ఏడాది సంది పెంచిన. మళ్ళ పెరగాలంటే పంటంత అయిపోతది."

"అందుకే."

"నేను పోను. ఆడ నాకెవరున్నరు?" చైత్ర రెండడుగులు వెనక్కు వేసింది. కళ్ళలో నీళ్ళకంటే రోషమే ఎక్కువ. "ఆడ అందరికన్న వెనకుంట. ఇంగ్లీషు రాదు, ఏం రాదు. ఈడ నేనే ఫస్టు. నువ్వే చెప్పినవ్ గదా ఫస్టని!"

మిగతా పిల్లలు రొట్టెలు చేతిలోనే పట్టుకుని చూస్తున్నారు. ఉలిగెమ్మ పాట ఆగింది.

శరణమ్మ కింద కూచుంది. మాటలు వెతుక్కుంది. ఆమెకు పిల్లల్ని తిట్టడం వచ్చు, నవ్వించడం వచ్చు, మొగ్గ ఎట్లా పట్టాలో చెప్పడం వచ్చు. ఇట్లాంటి మాట చెప్పడం ఎన్నడూ రాలేదు.

"ఫస్టే బిడ్డా. నేను గూడ ఫస్టే. ఉలిగెమ్మ గూడ ఫస్టే. ఈడ ఫస్టున్నోళ్ళకు ఏం కనబడ్తది? పక్క సాలు కనబడ్తది. వెనకుంటే వెనకుండు. వెనకున్నోళ్ళకు ముంగట ఏదో ఒకటి ఉంటది." తన గోటి మీద అంటిన పుప్పొడిని చూపించింది. "దీని లోపల ఏముంటదని అడిగినవ్ గదా. నాకు తెల్వదు. ఇన్నేండ్లు చేసిన, తెల్వదు. ఆ నాగరాజ్‌కు గూడ తెల్వదు. నువ్వు పోయి ఆ అద్దంల చూడు. చూసొచ్చి నాకు చెప్పు. అడిగింది నువ్వు, జవాబు తెచ్చే జిమ్మేదారి గూడ నీదే."

చైత్ర ఆ గోటి మీది పొడిని చూస్తూ నిలబడింది. ఎక్కడో ట్రాక్టరు చప్పుడు. వేపాకులు రెండు రాలి ఆమె తలగుడ్డ మీద ఆగాయి. చివరికి చంకలోంచి పిడికిలి తీసింది. ఒక్కొక్క వేలూ తెరిచి, బొటనవేలు శరణమ్మ అరచేతిలో పెట్టి, మొహం పక్కకు తిప్పుకుంది.

గోరు గట్టిగా ఉంది. ఆముదం తాగి గాజులా మెరుస్తోంది. శరణమ్మ తన చేత్తో పదును పెట్టించిన అంచు అది. బ్లేడు ఆన్చగానే చిన్న చప్పుడుతో విరిగి నల్లరేగట్లో పడింది. చైత్ర వెక్కి వెక్కి ఏడ్చింది. శరణమ్మకూ ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కుడిచేతి గోటికి తగలకుండా మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

తర్వాత నడుముకున్న కట్టలోంచి ఎర్రదారం ఒకటి లాగి ఆ బొటనవేలికి కట్టింది, పువ్వుకు కట్టినట్టే, బిగించకుండా.

"దారం కట్టిన పువ్వును ఎవరన్న ముడ్తరా?"

"ముట్టరు."

"ఆఁ. పో. మీ అమ్మకు నేను ఊఁ అన్ననని చెప్పు."

ఆ సాయంత్రం చైత్ర సాలు అట్లాగే ఉండిపోయింది. నాగరాజ్ వచ్చి ఆ ఒలవని మొగ్గల్ని చూశాడు. ఈసారి నవ్వలేదు. పాన్ ఉమ్మి, "నీ చేత్తోనే కోసినవంట! పిచ్చి లేసిందా నీకు?" అన్నాడు.

"లేసింది."

"రేపు ఈ సాలంత పూస్తది. ఖరాబు. వచ్చే ఏడు గద్వాల దిక్కునుంచి మేస్త్రిని తెచ్చుకుంట."

"తెచ్చుకో నాగరాజన్నా. గోరున్నోళ్ళకేం కరువు" అంది శరణమ్మ. అంతటి మాట నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం. రేపటి కూడు ఈ చేనులోనే ఉందని ఆమెకు తెలుసు.

సోమవారం మంచు ఎక్కువగా ఉంది. ట్రాలీలో ఎవరెక్కారో ఎవరెక్కలేదో మొహాలు కనపడలేదు. శరణమ్మ పక్కన చోటు ఖాళీగా ఉంది. ట్రాక్టరు ఊగినప్పుడల్లా ఆమె చెయ్యి అలవాటుగా ఆ పక్కకు పోయి, ఖాళీ చెక్క మీద ఆగింది.

చేను చేరేసరికి పొద్దు పొడుస్తోంది. మంచు మెల్లమెల్లగా పైకి లేస్తుంటే, చేను నడుమ ఒక్క సాలు తెల్లగా బయటపడింది. చైత్ర సాలు. మొగ్గలన్నీ విచ్చుకున్నాయి. పాలమీగడ రంగు రేకులు పూర్తిగా తెరుచుకుని, నడుమ పసుపు నిండుగా, చివరిదాకా పూసి ఉంది. అటూ ఇటూ ఒలిచిన సాళ్ళు బోడిగా ఉన్నాయి. పిల్లలు గట్టు మీదే ఆగిపోయారు. ఏళ్ళ తరబడి పువ్వుల్లో పనిచేస్తున్నారు గాని, మొగ్గలు ఒలిచే ఆడసాలు పూయడం వాళ్ళెన్నడూ చూడలేదు.

"చిన్నమ్మా!"

ఉలిగెమ్మ. పక్కన ఒక చిన్నపిల్ల. తల్లి చొక్కా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. ఆవలిస్తోంది. ఉలిగెమ్మ కూతురు వర్షిణి. మూడో తరగతి.

"చైత్ర లేదు గదా, నీ మీదికి నాగరాజ్ లేసిండు గూడ. ఒక చెయ్యి తక్కువైతే నీకు కష్టమని దీన్ని తెచ్చిన" అంది ఉలిగెమ్మ. కొంగు ముడి విప్పి పసుపు పొట్లం తీసింది. "నువ్వే పెట్టు. ఈ ఒక్క పంటకే."

శరణమ్మ పొట్లం అందుకోలేదు. ఉలిగెమ్మ మొహంలోకి చూసింది. అక్కడ ఎత్తిపొడుపు లేదు, కపటం లేదు. తనమీద ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. వర్షిణి అప్పటికే కుడిచెయ్యి చాచి, బొటనవేలు నిలబెట్టి, పసుపు కోసం ఎదురుచూస్తోంది.

రోడ్డు మీద బస్సు హారను వినపడింది. రాయచూరు పోయే పొద్దుటి బస్సు. "చైత్ర! చైత్ర పోతుంది!" పిల్లలు అరుచుకుంటూ గట్టు వెంట పరుగెత్తారు. శరణమ్మ ఆ పక్కకు తిరగలేదు. నడుముకున్న కట్టలోంచి దారం లాగి, పళ్ళతో తుంచి, వర్షిణి బొటనవేలికి కట్టింది.

"పసుపు పెట్టలే అవ్వా" అంది ఆ పిల్ల.

"పసుపొద్దు. ఇది అయిపాయె. బడి గంట కొట్టేలోపల పో. డ్రెస్సు ఏసుకొని పో."

వర్షిణి తల్లి వంక చూసింది. ఉలిగెమ్మ చేతిలో పసుపు పొట్లం అట్లాగే ఉంది. పెదవి కదిలింది. నవ్వబోతోందనుకుంది శరణమ్మ. నవ్వు రాలేదు.

"నాకెందుకు కట్టలే చిన్నమ్మా?"

చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది ఉలిగెమ్మ. తర్వాత కళ్ళు నిండిపోయాయి. శరణమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పగిలిన వేళ్ళు, దళసరి గోరు. క్షమించమనడం కూడా చిన్నమాటే. "అప్పుడు నాకు తెల్వదే తల్లీ" అంది. అది నిజం. నిజమైనా చాలదని ఇద్దరికీ తెలుసు. ఉలిగెమ్మ పసుపు పొట్లాన్ని మళ్ళీ కొంగులో ముడేసుకుని, కూతురి చొక్కా గుండీలు తానే విప్పింది.

బస్సు చప్పుడు దూరమైంది. పిల్లలు తిరిగొచ్చి, ఇంకా రొప్పుతూ, పూసిన సాలు దగ్గర గుంపుగా నిలబడ్డారు. "గిల్లేయమంటవా అవ్వా? నాగరాజ్ వచ్చేలోపల?" అని అడిగింది ఒకతె.

పనిలెక్క ప్రకారం గిల్లాల్సిందే. ఆ పువ్వులు విత్తనానికి పనికిరావు. సాయంత్రానికి గులాబీరంగు తిరిగి, రేపటికి ముడుచుకుపోతాయి.

"పొద్దుగూకినంక గిల్లుదం. అప్పటిదాక ఉండనియ్యిరి" అంది శరణమ్మ.

గట్టు మీద వర్షిణి ఊరి వైపు పరుగెత్తుతోంది. తడిగడ్డికి కాలు జారి ఒకసారి చతికిలపడి లేచింది. పడ్డప్పుడు కూడా, దారం కట్టిన బొటనవేలిని మట్టి తగలకుండా పైకెత్తే పట్టుకుంది.